ఇంటర్వెల్ మొత్తం అక్షంలో ఇమడాలి

అందరికీ నమస్కారం. గ్రాఫ్‌లో అంచనాల అనిశ్చితిని చూపే గీతలు తెగకుండా అక్షం హద్దులు ఎలా పెట్టాలన్నదే ఇవాళ్టి విషయం. నేరుగా ఉదాహరణలోకి వెళ్దాం. మూడు గ్రూపుల సగటులు 42, 47, 51. వాటి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (అసలు సగటు ఉండొచ్చని అంచనా వేసే పరిధులు) వరసగా 39–45, 43–51, 38–64. మూడో గ్రూపులో శాంపిల్ చిన్నది, అందుకే దాని ఇంటర్వెల్ అంత వెడల్పు.

ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ప్లాట్ ఫంక్షన్‌కి సగటులు మాత్రమే ఇస్తే అది 42 నుంచి 51 వరకు, అటూ ఇటూ మరో 4 శాతం కలిపి అక్షం వేస్తుంది. ఆ తర్వాత యారోస్ ఫంక్షన్‌తో ఇంటర్వెల్స్ గీస్తే మొదటిదీ మూడోదీ అంచు దగ్గర తెగిపోతాయి. హెచ్చరిక కూడా రాదు. అందుకే కింది హద్దులూ పై హద్దులూ అన్నీ కలిపి రేంజ్ ఫంక్షన్‌కి ఇచ్చి, వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని వైలిమ్‌లో (నిలువు అక్షం హద్దులు) పెట్టాలి.

ఆర్‌లోనే గ్రాఫ్‌లు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీ ఎర్రర్ బార్ (ఇంటర్వెల్‌ను చూపే గీత) చివరలను తనంతట తానే లెక్కలోకి తీసుకుంటుంది. చిక్కంతా మనం చేయి పెట్టినప్పుడే. వైలిమ్‌తో 35–60 అని ఇచ్చామనుకోండి. 64 ఆ హద్దు దాటింది కాబట్టి ఎన్ఏ (లేని విలువ) అయిపోతుంది, మూడో గ్రూపు నిలువు గీత మాయమవుతుంది. 51 దగ్గర చుక్క మాత్రం అలాగే ఉంటుంది. అన్నిటికన్నా అనిశ్చితమైన అంచనాకే ఇంటర్వెల్ లేకుండా పోయిందన్నమాట! డేటాకు ధోరణి గీత వేసే జియోమ్ స్మూత్ వాడితే ఇంకా ప్రమాదం: హద్దు దాటిన పాయింట్లను తీసేశాకే మోడల్ వేస్తుంది కనుక గీతా, దాని చుట్టూ ఉన్న పట్టీ రెండూ మారిపోతాయి. చూపు దగ్గరికి తేవడమే మన ఉద్దేశమైతే కోఆర్డ్ కార్టీజియన్‌లో హద్దులివ్వాలి. అది డేటా జోలికి పోదు.

మరో గణాంక సాఫ్ట్‌వేర్ స్టాటాలో వైస్కేల్ రేంజ్ అక్షాన్ని పెంచుతుందే గానీ తగ్గించదు.

ఆడ్స్ రేషియోలకు (రెండు గ్రూపులను పోల్చే నిష్పత్తి, 1 అంటే తేడా లేనట్టు) లాగ్ స్కేలే వాడండి. 0.5, 2 రెండూ 1కి సమాన దూరంలో కనిపించేది అందులోనే. చాలా అధ్యయనాల ఫలితాలను ఒకే బొమ్మలో చూపేటప్పుడు ఒక్క అధ్యయనం ఇంటర్వెల్ 0.02 నుంచి 60 దాకా పోతే మిగతావన్నీ నలిగిపోతాయి. అలాంటి బొమ్మలు గీసే ఆర్ ప్యాకేజీ మెటాఫర్‌లో ఎలిమ్‌తో అక్షాన్ని కుదిస్తే, హద్దు దాటిన చోట బాణం గుర్తు వస్తుంది. అసలు అంకెలు పక్కన ఉండి తీరాలి. అక్కడ ఎక్స్‌లిమ్ వేరు, అది అక్షరాలతో సహా బొమ్మ మొత్తం వెడల్పు.

చివరగా శాతాల సంగతి. 20లో 1 వస్తే, మామూలు సూత్రంతో లెక్కించే వాల్డ్ ఇంటర్వెల్ సుమారు మైనస్ 4.6 నుంచి 14.6 శాతం. అక్షాన్ని సున్నా దగ్గర ఆపితే మైనస్ కనబడదు, కానీ పై హద్దు తప్పుగానే మిగులుతుంది. విల్సన్ పద్ధతిలో అదే డేటాకు 0.9 నుంచి 23.6 వస్తుంది. ఇక్కడ మార్చాల్సింది అక్షాన్ని కాదు, లెక్కను.