బ్లీచింగ్ వేశాక నీళ్లలో క్లోరిన్ ఎక్కడికి పోతుంది?

నమస్కారమండి. ఈ రెండు సీసాల్లోవీ మా ఊరి కాలువ నీళ్లే, ధవళేశ్వరం నుంచి వచ్చే గోదారి. ఎర్రనీరు దిగింది కదా, మొదటి సీసా చిక్కటి టీలా ఉంది. రెండోదాంట్లో నీళ్లకి రాత్రి పటిక తిప్పి, తేరిన తర్వాత పైవి మాత్రం వడకట్టి పోశాను.

రెండింట్లోనూ బ్లీచింగ్ తేట సమానంగా కొలిచి వేసి, మూత బిగించి అరగంటైంది. ఇప్పుడు క్లోరిన్ పరీక్షించే కిట్‌లో చుక్కలు వేద్దాం. క్లోరిన్ ఉంటే పసుపు వస్తుంది. బురద రంగు చూసి మోసపోకుండా, చుక్కలు వెయ్యని అవే నీళ్లు పక్కన పెట్టుకున్నాను. చూశారా? తేట నీళ్లు పచ్చగా మెరుస్తున్నాయి, ఎర్రనీళ్లలో పసుపు ఉందా లేదా అన్నట్టుంది.

మూత బిగించే ఉంది, గాల్లోకి పోలేదు. మరేమైంది? కొంత ఇతర మలినాలకి ఖర్చయింది, ఇంకొంత కుళ్లిన ఆకులు, గడ్డి, నాచు నుంచి నీళ్లలో కరిగిన పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్లు, హాలోఅసిటిక్ ఆమ్లాలు అనే రెండు రకాల రసాయనాలుగా మారుతుంది. ఇవి ఎక్కువైతే ఆరోగ్యానికి మంచివి కావు. మొదటి రకంలో ముఖ్యమైనది క్లోరోఫామ్. క్లోరిన్ వేసిన నీళ్లలో ఇవి పుడుతున్నాయని 1974లో రాటర్‌డామ్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. ఈ కిట్ వీటిని చూపించదు, దానికి ల్యాబ్ కావాలి.

అసలు సంగతి టైము. మొదటి కొన్ని గంటల్లో గబగబా పుడతాయి, తర్వాత నెమ్మదిస్తాయి గానీ క్లోరిన్, ఆ పదార్థం రెండూ మిగిలున్నంతసేపూ ఆగవు. అందుకే ట్యాంకు పక్క కుళాయి కంటే ఊరి చివర కుళాయిలో క్లోరిన్ తక్కువ, ఇవి ఎక్కువ ఉండొచ్చు. మే నెల ఎండకి ఇంకా జోరు. అంతర్వేది వైపు సముద్రపు ఉప్పు కలిస్తే అందులోని బ్రోమైడ్ వల్ల బ్రోమిన్ రకాలు పెరుగుతాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు, బ్రోమిన్ రకాల్లో ఒకటైన బ్రోమోడైక్లోరోమీథేన్‌కైతే 0.06 మాత్రమే.

అలాగని బ్లీచింగ్ మానేశారా, కలరా, టైఫాయిడ్ ముందొస్తాయి! కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాల్సిందే. ముందు పటిక, తర్వాత ఫిల్టరు, ఆఖర్న క్లోరిన్, ఈ వరస తప్పితేనే తిప్పలు. ఇంట్లో మూత లేకుండా మరిగిస్తే క్లోరోఫామ్ చాలావరకు ఎగిరిపోతుంది, అది 61 డిగ్రీలకే మరుగుతుంది. హాలోఅసిటిక్ ఆమ్లాలు మాత్రం అలా ఎగిరిపోవు.

ఈ సీసాల మూత రేపు ఇదే టైముకి తీసి మళ్లీ చుక్కలు వేస్తాను. చుక్కలు వేసిన నీళ్లు తాగే బిందె దరిదాపులకి కూడా తేకండి.