లినక్స్ ఇన్‌స్టాల్‌లో పార్టిషన్లు మనమే చేసుకుందాం

[తెరపై: ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఎంచుకునే పేజీ]

లినక్స్ వేసుకునేటప్పుడు చాలామంది భయపడేది ఈ పేజీ దగ్గరే. ఆ భయంలో అర్థముంది. "డిస్క్ మొత్తం చెరిపేయి" అన్నది ఎంచుకుంటే విండోస్, ఫోటోలు, అన్నీ పోతాయి. అదే మాన్యువల్ పార్టిషనింగ్‌లో, అంటే డిస్క్‌ని పార్టిషన్లనే భాగాలుగా మన చేత్తో విడగొట్టుకుంటే, ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మనమే చెప్తాం.

ముందుగా బ్యాకప్ తీసుకోండి. విండోస్ పార్టిషన్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే తగ్గించి, మిగిలిన చోటుని ఖాళీగా వదిలేయండి. విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

[తెరపై: పార్టిషన్ల పట్టిక, మొదటి వరుస దగ్గరగా]

ఈ వరుస చూడండి. ఫ్యాట్32, 100 ఎంబీ. చూడటానికి చిన్నదే, కానీ ఇదే ఈఎఫ్ఐ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ కాగానే బూట్‌లోడర్ కోసం, అంటే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్ కోసం, ఇక్కడికే వస్తుంది. విండోస్ బూట్ ఫైళ్లు కూడా ఇందులోనే ఉన్నాయి. దీనికి మౌంట్ పాయింట్, అంటే లినక్స్‌లో ఈ పార్టిషన్ కనిపించే చోటు, "స్లాష్ బూట్ స్లాష్ ఈఎఫ్ఐ" అని ఇవ్వండి. ఫార్మాట్ గడిలో మాత్రం టిక్ పెట్టొద్దు. పెడితే ఇందులోవన్నీ చెరిగిపోయి, విండోస్ ఇక బూట్ అవ్వదు. డిస్క్ పూర్తిగా ఖాళీదైతే దీన్ని 512 ఎంబీతో కొత్తగా చేసుకోవాలి.

ఇప్పుడు ఖాళీ చోటులో రూట్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే పార్టిషన్. మౌంట్ పాయింట్ ఒక్క స్లాష్, ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని డిస్క్‌లో అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. నేనైతే 50 జీబీకి తగ్గించను. స్నాప్‌షాట్లు, అంటే వెనక్కి వెళ్లేలా సిస్టమ్ అప్పటి స్థితిని దాచుకోవడం, కావాలనుకునేవాళ్లు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తీసుకోవచ్చు.

[తెరపై: హోమ్ పార్టిషన్ జోడించడం]

మీ సొంత ఫైళ్లుండే హోమ్‌ని విడిగా పెట్టమనే చెప్తాను. రేపు సిస్టమ్ పాడైనా, వేరే డిస్ట్రోకి (ఉబుంటు లాంటి మరో లినక్స్ రకానికి) మారాలనిపించినా, రూట్‌ని మాత్రమే ఫార్మాట్ చేసి, హోమ్‌ని ఫార్మాట్ చేయకుండా అదే మౌంట్ పాయింట్‌కి కలిపితే చాలు. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది: రూట్ నిండిపోతే, హోమ్‌లో ఎంత ఖాళీ ఉన్నా దానికి పనికిరాదు. డిస్క్ చిన్నదైతే రెండూ ఒకటిగానే ఉంచండి.

స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఉబుంటు 17.04 నుంచి మామూలుగా స్వాప్ ఫైల్‌ని తనే చేసుకుంటుంది. హైబర్నేట్, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపేయడం, కావాలంటే మాత్రం కనీసం ర్యామ్ అంత స్వాప్ పార్టిషన్ పెట్టుకోండి.

[తెరపై: చివరి నిర్ధారణ పేజీ]

ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఈ పేజీని నిదానంగా చదవండి. ఫార్మాట్ కాబోయే పార్టిషన్లన్నీ ఇక్కడ పేర్లతో ఉంటాయి. ఆ జాబితాలో మీ విండోస్ పార్టిషన్ గానీ, పాత ఈఎఫ్ఐ గానీ కనిపిస్తే వెంటనే వెనక్కి వెళ్లి సరిచేయండి.