1 నేనొక్కడినే: జనం రెండు ముక్కలైపోయిన సినిమా, నా సౌండ్‌బార్, మా నాన్న

నమస్తే అండీ, బాగున్నారా. ముందే చెప్పేస్తున్నా, ఇది పెయిడ్ వీడియో. నా వెనకాల టీవీ కింద నల్లగా, పొడుగ్గా పడుకుని ఉంది చూశారా, ఆ సౌండ్‌బార్ కంపెనీ వాళ్ళే పంపించారు. పేరు, వాట్స్, ఛానెళ్ళు అన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. అయినా మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. "ఏదైనా మంచి తెలుగు సినిమా వేసి టెస్ట్ చేయండి" అన్నారు వాళ్ళు. గుర్రాలు, కత్తులు, ఏనుగులు ఉన్న సినిమా ఏదో వేస్తానని వాళ్ళ ఆశ. నేనేమో మహేష్ బాబు హీరోగా సుకుమార్ తీసిన '1 నేనొక్కడినే' వేశాను. అందుకని సౌండ్‌బార్‌కి రెండు నిమిషాలు, మిగతాదంతా సినిమాకే. డబ్బులు వెనక్కి అడిగితే అప్పుడు చూద్దాం.

కథ మొత్తం మాట్లాడేస్తాను. 2014 జనవరి 10న వచ్చిన సినిమాకి ఇప్పుడు స్పాయిలర్ అని కోప్పడితే నేనేం చేయలేను.

ఈ సినిమా పేరెత్తితే ఇప్పటికీ మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో గొడవే. సగం మంది "టైమ్‌కి ముందు వచ్చేసిందిరా" అంటారు. మిగతా సగం "నా మూడు గంటలు నాకు ఇప్పించరా" అంటారు. మధ్యలో ఎవడూ లేడు. నాకు ఇద్దరి మీదా కోపమే. ఎందుకో చెప్తా.

నేను తణుకులో చూశాను, మొదటి రోజు మార్నింగ్ షో. అంతకుముందు ఏడాది సంక్రాంతికి మహేష్ బాబు, వెంకటేష్‌తో కలిసి అన్నదమ్ముల కథ చేశాడు. ఇంటిల్లిపాదీ గోరింటాకు చేతులతో వెళ్ళి చూసిన సినిమా అది. అదే మూడ్‌లో ఈసారీ వచ్చారు జనం. నా పక్క సీటతను రెండు గుప్పెళ్ళ నిండా చింపిన కాగితం ముక్కలు పట్టుకుని కూర్చున్నాడు. హీరో ఎంట్రీకి కొన్ని ఎగరేశాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎగరేయాలో తెలియలేదు పాపం. ఇంటర్వెల్‌కి చూస్తే చెమటకి తడిసిపోయి ముద్దలా ఉన్నాయి చేతిలో. వెనక వరసలో ఒక కుర్రాడు, "బావా, వీడు నిజంగా చంపాడా?" "చంపలేదంట్రా." "మరి ఇందాక చంపాడుగా?" "నన్నడుగుతావేంటి, నేను తీశానా?"

ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరే ఉందండీ ఈ సినిమా అంతా. గౌతమ్ అని ఒక రాక్‌స్టార్, అమ్మానాన్న ఎవరో తెలియదు. వాళ్ళని ముగ్గురు చంపారని మాత్రం బుర్రలో తిరుగుతూ ఉంటుంది. కాన్సర్ట్ మధ్యలో ఆ ముగ్గురిలో ఒకడు కనిపిస్తాడు, వెంటపడి చంపేస్తాడు, వెళ్ళి లొంగిపోతాడు. అప్పుడు ఫుటేజ్ చూపిస్తారు. అందులో మహేష్ బాబు ఒక్కడే. ఎదురుగా ఎవడూ లేడు. గాలిని కొడుతున్నాడు. మనం ఇందాక విజిల్ వేసిన ఫైట్‌ని, అదే ఫైట్‌ని, సౌండ్ లేకుండా, అవతలి మనిషి లేకుండా మళ్ళీ చూపించాడు. స్టార్ హీరో ఎలివేషన్‌ని అలా గాలి తీసి చూపించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఈ ఒక్క సీన్‌ని ఈ వారంలో ఆరుసార్లు చూశాను. మా ఆవిడ ఆరోసారి టీవీ ఆపేసింది.

కాకపోతే అక్కడే జనానికి, సినిమాకి చెడింది. కెమెరా ఒకసారి అబద్ధం చెప్పిందని తెలిశాక ప్రేక్షకుడు ఇంక దేన్నీ నమ్మడు. గోవాలో ఒకణ్ణి నిజంగానే చంపుతాడు గౌతమ్. హీరోయిన్, అంటే కృతి సనన్, ఆమెకి ఇదే మొదటి సినిమా, "అది కూడా నీ భ్రమే" అని నమ్మిస్తుంది. నిజం అబద్ధంలా, అబద్ధం నిజంలా. నేనైతే కుర్చీ అంచుకి వచ్చేశాను. మా బాబాయికి అదే సీన్‌లో చిరాకొచ్చింది. "ఏది నిజమో చెప్పనివాడి కోసం నేనెందుకు బాధపడాలిరా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు. "నీకు బుర్ర లేదు బాబాయ్" అనేది జవాబు కాదు. ఈ సినిమా అభిమానులు చెప్పేది మాత్రం అదే.

సుకుమార్ సినిమాల్లోకి రాకముందు లెక్కల లెక్చరర్, మీకు తెలిసిందే. మా ఇంటర్ లెక్కల సారు కూడా ఇంతే. బోర్డు మీద మూడో స్టెప్ నుంచి ఏడో స్టెప్‌కి దూకేసేవారు. ముందు బెంచీ వాళ్ళు తల ఊపేవారు, వెనక బెంచీ వాళ్ళం కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళం. ఈ సినిమాలో ఆ దూకుళ్ళు బోలెడు. దానికి తోడు, అర్థం కావట్లేదని గొడవ మొదలయ్యాక రిలీజ్ తర్వాత దాదాపు 20 నిమిషాలు కత్తిరించారు. లెక్క అర్థం కాలేదన్న పిల్లాడికి ఇంకో రెండు స్టెప్స్ చెరిపేసి చూపించడం ఏ లాజిక్ అండీ?

ఇప్పుడు నా అసలు మంట. లండన్ బాబు పాట. కథ లండన్‌కి వెళ్ళింది. వాడు తన పుట్టుక కోసం వెతుక్కుంటున్నాడు. ఆనవాళ్ళుగా నాణెం ఉంది, రూబిక్స్ క్యూబ్ ఉంది, మనం బుర్రలో అన్నీ పేర్చుకుంటున్నాం. ఠక్కున ఐటమ్ సాంగ్! నాలుగు నిమిషాల్లో పేర్చినవన్నీ కూలిపోయాయి. పాట అయ్యాక ఆ నాణెం ఎక్కడిదో నాకు గుర్తు లేదు, నిజంగా. సినిమాని కన్ఫ్యూజింగ్ అన్న వాళ్ళలో కనీసం సగం మందిని ఈ పాటే తయారు చేసిందని నా అనుమానం. 20 నిమిషాలు తీయాలనుకుంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాల్సింది.

సరే, సౌండ్‌బార్. దేవిశ్రీ ప్రసాద్ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ దీంట్లో అదిరింది, ఒప్పుకుంటాను. మా పాత హోమ్ థియేటర్‌లో బేస్ వస్తే షోకేస్‌లో గాజు గ్లాసులు మోగేవి, దీనికి మోగలేదు. మాటలు స్పష్టంగా ఉన్నాయి. కానీ దీని మీద డిస్‌ప్లే లేదండీ! వాల్యూమ్ ఎంతలో ఉందో తెలియాలంటే ఒక చిన్న తెల్ల లైటు ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టుకోవాలి. రాత్రి పదకొండింటికి, పక్క గదిలో పాప నిద్రపోతుంటే, నేను లైట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా? ఈ ధరకి మూడు అంకెలు చూపించే బుల్లి స్క్రీన్ పెట్టలేరా? కొనొచ్చా అంటే, చూపు బాగుంటే కొనండి.

మళ్ళీ సినిమాకి. రత్నవేలు కెమెరా గురించి కొత్తగా చెప్పేదేముంది. ఈరోజుకీ పాతబడలేదు. అమెరికాలో మిలియన్ డాలర్లు దాటింది, ఇక్కడేమో మోజు పండగలోపే పోయింది. నచ్చినవాళ్ళంతా స్టైల్ చూసి ఇష్టపడ్డారనేది తప్పండీ. స్టైల్ అంతా తీసేసినా నాకు ఒకటి మిగులుతుంది: అమ్మానాన్నల ముఖం కూడా తెలియనివాడు. చిన్నప్పటి గౌతమ్‌గా మహేష్ కొడుకే చేశాడు. ఆ పిల్లాడి కళ్ళు చూశాక నేను లాజిక్ అడగడం మానేశాను. అందుకే నా ఓటు సినిమాకే. మంచి స్క్రీన్‌ప్లే అని వేయట్లేదు, సెకండాఫ్‌లో చాలాసార్లు ఫోన్ తీశాను కూడా. ఆ ఫుటేజ్ సీన్‌కి, ఆ పిల్లాడికి వేస్తున్నా.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. ఆరోజు థియేటర్‌కి మా నాన్న కూడా వచ్చారు. ఆయన రైతు. ఫస్టాఫ్ అంతా కునుకే. హత్యలన్నీ హీరో తండ్రి కనిపెట్టిన వరి విత్తనం కోసం అని తేలగానే లేచి కూర్చున్నారు. బయటికొచ్చాక టీ తాగుతూ, "మా స్వర్ణ వరి, ఎంటీయూ 7029 రకం, పుట్టింది మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో. సగం దేశం తిన్నది ఆ బియ్యం. దాన్ని కనిపెట్టినోళ్ళని ఎవడైనా చంపాడంట్రా? ఒక శాలువా కప్పినోడైనా ఉన్నాడో లేడో" అన్నారు. అంతమంది రివ్యూలు విన్నాను, విత్తనం దగ్గర ఆగినవాడు ఆయనొక్కడే.

మొన్న ఫోన్ చేసి మళ్ళీ చూస్తున్నానని చెప్పాను. "ఆ బంగారం బియ్యం సినిమానా? ఎకరానికి ఎన్ని బస్తాలో ఈసారైనా చెప్పాడా?" అన్నారు.

లేదు నాన్నా. ఆ 20 నిమిషాల్లో పోయిందేమో.