స్కూలు జిమ్ముల్లో నడిచే లీగ్

అందరికీ నమస్కారం.

మన పిల్లల్లో కొందరు ఇక్కడి క్లబ్బుల్లో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. స్కాట్లాండ్‌లో ఈ ఆట సీజన్ ఎలా సాగుతుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. రేంజర్స్, సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్బుల వార్తలు పోగా పేపర్లో బాస్కెట్‌బాల్‌కు మిగిలే చోటు తక్కువే. అయినా జాతీయ లీగ్ 1969 నుంచి ఉంది. స్కాటిష్ కప్ అంతకంటే పాతది.

సీజన్ ఆకులు రాలే రోజుల్లో మొదలై వసంతం దాకా సాగుతుంది. లీగ్‌లో అందరూ అందరితో ఆడాలి. కప్పులో ఓడితే ఇంటికే. చివర్లో పై జట్ల మధ్య ప్లేఆఫ్‌లు. అలా ఒకే ఏడాది మూడు ట్రోఫీలు మూడు జట్లకు పోవచ్చు. అసలు ఛాంపియన్ ఎవరని అడిగితే నా ఓటు లీగ్‌కే. కప్పు మ్యాచ్‌లో ఒక కుర్రాడికి ఆ రాత్రి మూడు పాయింట్ల షాట్లు వరసగా పడితే చాలు, పెద్ద జట్టు కూడా ఇంటిదారి పడుతుంది. లీగ్ అలా కాదు. జనవరిలో సగం జట్టు జలుబుతో ఉన్నా, ఆఫీసు అయ్యాక ఊరు దాటి వెళ్లి ఆడాల్సిందే.

అంతర్జాతీయ సమాఖ్య ఫిబా పాయింట్ల పద్ధతి మనవాళ్లకు వింతగా ఉంటుంది. గెలిస్తే 2, ఓడినా 1. ఓడినందుకు పాయింటేమిటి? వచ్చి ఆడినందుకు! మ్యాచ్ ఎగ్గొడితే సున్నా, ఎదుటి జట్టు 20-0తో గెలిచినట్టు లెక్క. ఉద్యోగాలు, చదువుల మధ్య ఆడేవాళ్ల లీగ్‌కు ఇంతకంటే సరిపోయే నియమం లేదనిపిస్తుంది నాకు.

డబ్బుతో ఈ ఆటను పైకి లేపాలని చూసినవాళ్లూ ఉన్నారు. 1980లలో ఉక్కు వ్యాపారి డేవిడ్ ముర్రే తన కంపెనీ పేరుతో ఎడిన్‌బరాలో జట్టు నడిపారు. ఇక్కడి టైటిళ్లు వరసగా గెలిచాక ఇంగ్లండ్ జట్లతో పోటీకి దిగారు, జట్టును లివింగ్‌స్టన్‌కు మార్చారు. 1988లో ఆయన రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నారు. అదే సీజన్లో లండన్ పక్కనున్న కింగ్‌స్టన్ జట్టు ఇక్కడికి వచ్చి గ్లాస్గో రేంజర్స్‌గా ఆడింది, బ్రిటిష్ లీగ్ గెలిచింది, మరుసటి ఏడాదికి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. కొన్నేళ్లకు లివింగ్‌స్టన్ జట్టూ మూతపడింది. 1998లో ఎడిన్‌బరా రాక్స్ అనే జట్టు వచ్చింది. 2002లో గ్లాస్గోకు మారింది, 2022లో కాలిడోనియా గ్లాడియేటర్స్ అయింది. అది బ్రిటిష్ ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడే జట్టు, మన స్కాటిష్ లీగ్‌లోది కాదు.

ఇటు చూడండి. 1970లలో స్కాటిష్ టైటిళ్లు గెలిచిన బరోమ్యూర్ క్లబ్బు పేరు ఇప్పటికీ వినిపిస్తోంది. 1992లో పుట్టిన ఫాల్కర్క్ ఫ్యూరీ క్లబ్బు చిన్నపిల్లల జట్ల నుంచే ఆటగాళ్లను తయారు చేసుకుంటోంది. స్టర్లింగ్ కుర్రాడు కీరాన్ అచారా ఫ్యూరీలో ఆడి పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఆడాడు. పెయిస్లీలో పుట్టిన రాబర్ట్ ఆర్చిబాల్డ్‌ను 2002లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు తీసుకుంది. స్కాట్లాండ్‌లో పుట్టి ఎన్‌బీఏలో ఆడిన మొదటివాడు అతనే. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్కాట్లాండ్ పురుషుల జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. వాళ్ల గ్రూపులోనే మన ఇండియా కూడా ఉంది, వాళ్ల చేతిలో ఓడింది. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

డబ్బున్న జట్లు పోయినా లీగ్ మిగిలిందంటే కారణం ఈ క్లబ్బులే. వాటికి ఇప్పుడు కావాల్సింది మనుషులు. మ్యాచ్ జరగాలంటే టేబుల్ దగ్గర నలుగురు ఉండాలి: స్కోరర్, అసిస్టెంట్, టైమర్, షాట్ క్లాక్ (బంతి దొరికిన జట్టు 24 సెకన్లలో షాట్ వేయాలని లెక్కపెట్టే గడియారం) చూసేవాళ్లు. ఎక్కువగా పిల్లల అమ్మానాన్నలో, పాత ఆటగాళ్లో కూర్చుంటారు. ఈ హాల్లో సగంమంది సాఫ్ట్‌వేర్‌వాళ్లం, ఒక బటన్ నొక్కడం ఎంత పని అనుకుంటాం. షాట్ రింగుకు తగిలి, పడకుండా తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) షాట్ కొట్టిన జట్టుకే దొరికితే గడియారం 24కి కాదు, 14కి పెట్టాలి. బంతి రింగుకు తగలకుండా ఆ జట్టుకే దొరికితే గడియారాన్ని అసలు ముట్టుకోకూడదు. అది తేల్చుకోవడానికి ఒక్క క్షణమే ఉంటుంది, కోచ్‌లిద్దరూ మన మీదే అరుస్తుంటారు. టెన్షన్ అంటే అదీ!

దీనికి శిక్షణ ఇస్తారు. పిల్లల్ని దింపి కారులో ఫోన్ చూస్తూ కూర్చునే బదులు, ఈ వారాంతం లోపలికి వెళ్లి టేబుల్ డ్యూటీకి మీ పేరు ఇవ్వండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.