చెరువు కట్ట కంప్యూటరుకు ఆనదు

మిత్రులారా, ఉదయగిరి వైపు నుంచి వచ్చి పెన్నలో కలిసే బొగ్గేరు లాంటి ఏటి పరీవాహకాన్ని, అంటే ఆ ఏటికి నీరు చేరే ప్రాంతాన్ని గీయడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్, ఒక ఎత్తుల పటం (నేలను గడులుగా విడదీసి ఒక్కో గడికి ఎత్తు చెప్పే పటం) ఉంటే గీత వచ్చేస్తుంది. కానీ చెరువు కింద చెరువు ఉన్న మన నెల్లూరు జిల్లాలో ఆ గీత దారి తప్పేది చెరువుల దగ్గరే.

ముందు ఎత్తుల పటాన్ని మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మన ప్రాంతపు 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోండి. అప్పుడు చుట్టుపక్కల గడుల ఎత్తులు కలిపి లెక్కించే బైలీనియర్ పద్ధతే ఎంచుకోవాలి. దగ్గరి గడి ఎత్తునే తీసుకునే నియరెస్ట్ వాడితే వాలు పటం నిండా చారలు పడతాయి.

అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచి చేసిన, ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల పటంలో గడి 30 మీటర్లు. నాలుగైదు మీటర్ల వెడల్పు కట్ట అందులో ఎక్కడికక్కడ తెగిపోతుంది. నీటి దారి ఆగకుండా గుంటలు పూడ్చమనగానే సాఫ్ట్‌వేర్ చెరువునూ పూడ్చేసి, కట్టలో ఏ గడి పల్లంగా కనిపిస్తే అక్కడినుంచి నీళ్లు వదిలేస్తుంది. అసలు మిగులు నీరు దిగేది కలుజు (అలుగు) మీదుగా. ఈ ఒక్క తేడాకే కింది చెరువు పక్క వాగు లెక్కలోకి పోతుంది. కాబట్టి పూడ్చకముందే కట్ట వెంట గడులను ఐదు మీటర్లు లేపి, కలుజు గడినీ దాని కింది వాగునూ రెండు మూడు మీటర్లు దించండి. ఈ పటాన్ని విడిగా దాచండి. వాలు లెక్కకు పనికిరాదు.

వాగులు తీయడానికి వెయ్యి గడుల హద్దు పెడితే 90 హెక్టార్ల నేల మీది నీరు చేరినచోట వాగు మొదలవుతుంది. కొండవాలులో ఇది సరిపోవచ్చు, మైదానంలో పెంచాలి.

చెరువు సామర్థ్యాన్ని మాత్రం ఈ ఎస్ఆర్‌టీఎం పటంతో లెక్కకట్టకండి. ఆ కొలతలు 2000 ఫిబ్రవరిలో తీసినవి. అప్పుడు నీళ్లున్న చెరువులో రాడార్ చూసింది నీటి మట్టాన్నే, అడుగును కాదు.

నీటి విస్తీర్ణానికి సెంటినెల్-2 ఉపగ్రహం తీసే ఫొటోల్లాంటి చిత్రాలు బాగుంటాయి. కానీ మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెరువులు నిండేటప్పుడే మబ్బులు కమ్ముకుంటాయి. అప్పుడు మబ్బుల్లోంచి చూడగల సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రం తీసుకోవాలి. అందులో నిలకడ నీరు నల్లగా పడుతుంది, గాలికి అలలు లేస్తే తెల్లబడుతుంది. దమ్ము చేసిన వరిమడి కూడా నలుపే! నెల తర్వాతి చిత్రంతో పోల్చండి: పైరు లేచిన మడి తెల్లబడుతుంది, చెరువు నల్లగానే ఉంటుంది. తూటికాడ కమ్మిన చెరువు మాత్రం సెంటినెల్-1, సెంటినెల్-2 రెండింటిలోనూ చిన్నదిగా కనిపిస్తుంది. అలాంటిచోట ఎండాకాలపు చిత్రంలో గట్టు హద్దు గీసుకుని, కలుజు ఎక్కడుందో ఆ ఊరి నీరుకట్టును (చెరువు నీళ్లు చూసుకునే మనిషిని) అడిగి జీపీఎస్‌లో గుర్తించుకోండి.