మెస్‌లో మిగిలిన అన్నం: కాలేజీ సేవా బృందం ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

[తెరపై: హాస్టల్ మెస్, రాత్రి 9 గంటలు. పెద్ద స్టీలు గిన్నెలో సగానికి అన్నం. పక్కనే చెత్త డ్రమ్ము.]

ఈ గిన్నెలో 8 కిలోల అన్నం ఉందనుకుందాం. ఇంకో పావుగంటలో డ్రమ్ములోకి పోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్ ఉంది. ఆ గిన్నెకూ ఈ షెల్టర్‌కూ మధ్య దారి వెయ్యాలని ఏ విద్యార్థికైనా అనిపిస్తుంది. అనిపించిన మర్నాడే పేరు పెట్టేస్తారు, లోగో గీయిస్తారు, టీషర్టులకు ఆర్డర్ ఇస్తారు. సెమిస్టర్ పరీక్షలయ్యాక చూస్తే టీషర్టులు మిగులుతాయి, బృందం మిగలదు.

కుదరని పనేం కాదు. 2011లో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ విద్యార్థులు డైనింగ్ హాల్లో మిగిలిన భోజనాన్ని ఇలాగే తీసుకెళ్లి ఇచ్చారు. అదే ఫుడ్ రికవరీ నెట్‌వర్క్‌గా మారి వేరే కాలేజీలకూ పాకింది. అంతకు ముందు ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో విద్యార్థులు ఇంకో దారి పట్టారు. తాము డబ్బు కట్టి కూడా వాడుకోని భోజనాలను అవసరమైనవాళ్లకు బదిలీ చేయించారు. దాని పేరు స్వైప్ అవుట్ హంగర్.

ఈ వీడియో అంతా మిగిలిన భోజనం మీదే నడుస్తుంది. మీ ఆలోచన ట్యూషన్లయినా, పుస్తకాలైనా, రక్తదానమైనా క్యాలెండర్, లెక్కలు, అప్పగింతలు దాదాపు ఇవే.

[తెరపై: షెల్టర్ గుమ్మం. నోట్‌బుక్‌తో ఇద్దరు విద్యార్థులు. చేతిలో భోజనం లేదు.]

మొదటిసారి షెల్టర్‌కు వెళ్లేటప్పుడు చేతిలో ఏమీ పట్టుకెళ్లకండి. పట్టుకెళ్తే వాళ్లు మొహమాటానికి "చాలా మంచిదండీ" అంటారు, మీకు అసలు సంగతి తెలియదు. రాత్రి ఎన్నింటికి తింటారు? 8 గంటలకే తినేస్తే 10 గంటలకు మీరు తెచ్చే అన్నం ఏం చేసుకుంటారు? ఫ్రిజ్ ఉందా, అందులో ఎన్ని గిన్నెలు పడతాయి? ఆ వేళప్పుడు తీసుకోవడానికి ఎవరుంటారు? ఇప్పటికే ఎవరైనా తెచ్చిస్తున్నారా, ఏయే రోజుల్లో? చివరి ప్రశ్నకు వచ్చే జవాబుతో మీ ప్లాన్ మొత్తం మారిపోవచ్చు. ఆదివారం ముగ్గురు దాతలు వరుసకట్టి, మంగళవారం ఒక్కరూ రాని చోట్లు ఉంటాయి. అలాంటి చోట మీరు పట్టుకోవాల్సింది మంగళవారాన్ని.

ఇక మెస్ వైపు. రెండు వారాల పాటు ఏమీ తరలించకండి, తూకం వేయండి చాలు.

[తెరపై: కాటా మీద ఖాళీ గిన్నె, 3.2 కిలోలు. అదే గిన్నె అన్నంతో, 11.2 కిలోలు.]

ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, గిన్నె మీద పెయింట్‌తో అంకె వేయండి. లేకపోతే స్టీలు బరువును కూడా అన్నంగా లెక్కేసి నెల తిరిగేసరికి టన్నులు చూపిస్తారు. రోజూ రాయాల్సినవి నాలుగే: తేదీ, వంటకం, మిగిలిన కిలోలు, వడ్డన ఆపిన టైమ్. రెండు వారాలకే ఒక తీరు కనబడుతుంది: పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయే సెలవు ముందు రోజు కొండలా మిగులుతుంది, ఇష్టమైన వంటకం ఉన్న రోజు గిన్నె అడుగు కనిపిస్తుంది. ఆహారం పోగుచేసి పంచే ఫుడ్ బ్యాంకులు మోటుగా అరకిలోకు ఒక భోజనం అని లెక్క కడతాయి. సగటున 15 కిలోలు మిగిలితే 30 భోజనాలు. అయితే షెల్టర్‌కు మాట ఇచ్చేటప్పుడు సగటు చెప్పకండి, బాగా తక్కువ మిగిలిన రోజు అంకె చెప్పండి.

ఈ లెక్కల పుస్తకంలో చిన్న తిరకాసుంది. దాన్ని చూశాక మెస్ మేనేజర్ వంట తగ్గిస్తారు. మీ 15 కిలోలు 6 అవుతాయి. చాలామంది దీన్ని దెబ్బ అనుకుంటారు. వృథా తగ్గింది కదా, మంచి కబురే! కాకపోతే షెల్టర్ మీ మీద ఆశ పెట్టుకుని ఉంటుంది కాబట్టి, రెండో మెస్‌తోనో క్యాంటీన్‌తోనో ముందే మాట్లాడి పెట్టుకోండి.

మేనేజర్ మొదట "కుదరదు" అనే అవకాశమే ఎక్కువ. ఆయన భయం ఒక్కటే: తిన్నవాళ్లకు ఏదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. కొన్ని దేశాల్లో ఈ భయానికి చట్టంలోనే మందు ఉంది. అమెరికాలో 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం సదుద్దేశంతో ఇచ్చిన దాతను కేసుల నుంచి కాపాడుతుంది, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప. ఫ్రాన్స్ 2016లో ఇంకో అడుగు వేసింది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినదగ్గ సరుకును పాడుచేసి పారేయకూడదు, సేవా సంస్థలతో ఒప్పందం పెట్టుకోవాలి అంది. మీరుండే చోట రూలేమిటో కనుక్కోండి. రూలు ఏదైనా సరే, ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. మెస్ బాధ్యత ఎక్కడ ముగుస్తుంది, మీది ఎక్కడ మొదలవుతుంది, అనుమానం వస్తే పారేయమని చెప్పే హక్కు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఆ హక్కు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లదే కావాలి. అది ఫస్టియర్ పిల్లే అయినా, ఫైనలియర్ సీనియర్ వచ్చి "ఏం కాదులే, పట్టుకెళ్లు" అనే వీలుండకూడదు.

[తెరపై: థర్మామీటర్ బొమ్మ. 5 నుంచి 60 డిగ్రీల వరకు ఎర్ర పట్టీ.]

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే.

వండిన భోజనానికి 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల దాకా ప్రమాదపు మేర. అనుకూలమైన వేడిలో కొన్ని బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. 2 గంటల్లో ఆరుసార్లు, అంటే 64 రెట్లు. 4 గంటల్లో 4,096 రెట్లు. గది వేడిలో 2 గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

అన్నం సంగతి మరీ ప్రత్యేకం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజకణాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేస్తే పోదు. "షెల్టర్‌లో వేడిచేసుకుంటారులే" అనే మాట అన్నం దగ్గర చెల్లదన్నమాట.

ముందు రెండు దార్లున్నాయి. ఒకటి, చేతికి అందించేదాకా 60 డిగ్రీల పైనే ఉంచడం. రెండోది, 60 నుంచి 21కి 2 గంటల్లోపు, అక్కడి నుంచి 5కి మరో 4 గంటల్లోపు చల్లార్చి, చల్లగానే తీసుకెళ్లడం. రెండో దారికి గిన్నెలో 5 సెంటీమీటర్ల కన్నా మందం లేకుండా పలచగా పరవాలి, పెద్ద ఫ్రిజ్ కావాలి, తెల్లారి మళ్లీ రావాలి. లోతు గిన్నెలో మూతపెట్టి వదిలేసిన అన్నం నడిబొడ్డు గంటలు గడిచినా వెచ్చగానే ఉంటుంది. కొత్త బృందానికి మా సలహా మొదటి దారే.

[తెరపై: ఇన్సులేటెడ్ బాక్స్‌లో వేడినీళ్లు పోస్తున్న చేతులు. పక్కన గడియారం.]

బాక్స్‌లో ముందుగా వేడినీళ్లు పోసి 10, 15 నిమిషాలు ఉంచి పారబోయండి. చల్లటి బాక్స్‌లో వేడి గిన్నె పెడితే మొదటి వేడంతా గోడలే తాగేస్తాయి. సగం ఖాళీగా ఉన్న పెద్ద బాక్స్ కన్నా నిండుగా ఉన్న చిన్నది వేడి నిలుపుతుంది. థర్మామీటర్ సూది ఉన్న రకం కొనండి. సూదిని గిన్నె మధ్యలోకి, అడుగుకు తగలకుండా దించి, అంకె కదలకుండా నిలిచాక చదవండి. వారానికోసారి గ్లాసు నిండా పిండిచేసిన ఐసు వేసి, నీళ్లు పోసి, కలిపి, సూది ముంచండి. సున్నా చూపించాలి. రెండు డిగ్రీలు చూపిస్తే మీ 60 నిజానికి 58. వంటకం మారినప్పుడల్లా సూదిని స్పిరిట్ దూదితో తుడవాలి. లేకపోతే వేరుశనగ కూర మరక పక్క గిన్నెలోకి పోతుంది, అది పడనివాళ్లకు ఆ కాస్తే చాలు.

ప్యాక్ చేసేటప్పుడు 60 కన్నా తక్కువ చూపిస్తే? తీసుకెళ్లకండి. ఎన్ని కిలోలున్నా సరే.

తీసుకోదగ్గది వంటగదిలో, వడ్డనకు రాకుండా ఉన్న గిన్నె. అందరూ గరిటెలు పెట్టిన కౌంటర్ గిన్నెలు వద్దు, ప్లేట్లలో మిగిలింది అసలే వద్దు. చేపలు, కోసిన పండ్లు, పాలతో చేసినవి మొదటి సెమిస్టర్‌లో ముట్టుకోకండి. ప్రతి గిన్నెకు లేబుల్: ఏమిటి, వండిన టైమ్, ప్యాక్ చేసినప్పటి వేడి, ఎన్నింటిలోపు తినాలి, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, నువ్వులు, పల్లీలు, చేపల్లో ఏమున్నాయి. నీళ్లకు చెరిగే పెన్నుతో రాస్తే ఆవిరికి లేబుల్ నల్లటి మరకవుతుంది, మార్కర్ వాడండి.

[తెరపై: వారం క్యాలెండర్. మూడు రోజులకు గుర్తులు.]

మనుషుల లెక్క. వారానికి 3 ట్రిప్పులు, ట్రిప్పుకు ఇద్దరు, ఒకరు స్టాండ్‌బై. అంటే వారానికి 9 పేర్లు. మనిషికి వారానికి ఒకే షిఫ్ట్ అనుకుంటే, జ్వరాలు, ల్యాబ్ పరీక్షలు కలుపుకుని 14 మంది ఉండాలి. గ్రూపులో 120 మంది చేరారని మురిసిపోకండి, రాత్రి 9కి వచ్చేవాళ్లే లెక్క. ఇద్దరు ఎందుకంటే ఒకరు తూకం, వేడి చూస్తారు, ఇంకొకరు రాస్తారు. ఒక్కరే రెండూ చేస్తే వేడి చూడకుండానే అంకె రాసేసే రోజు వస్తుంది. పుస్తకంలో వరసగా 65, 65, 65 కనిపిస్తే ఆ రోజు వచ్చేసిందని అర్థం.

ట్రిప్పు టైమ్‌ను వెనక నుంచి లెక్కేయండి. షెల్టర్‌లో 9:45కి వడ్డించాలంటే 9:30కి అందాలి. ప్రయాణం 20 నిమిషాలు, ప్యాకింగ్ 25. అంటే 8:45కే వంటగదిలో ఉండాలి, 8:20కి బాక్స్‌లో వేడినీళ్లు పడాలి. మెస్ 9 దాకా నడుస్తుంటే ఈ షెల్టర్‌తో పొసగదు. ఆలస్యంగా తినే ఇంకో చోటు వెతుక్కోవాలి, లేదా మధ్యాహ్నం భోజనానికి మారాలి.

గిన్నెలు తిరిగిరావడం ఒక పెద్ద తలనొప్పి. రెండు సెట్లు కొనండి. నిండు సెట్ ఇచ్చి, కిందటి ట్రిప్పు ఖాళీ సెట్ తెచ్చుకోండి. ఫెస్ట్ అయిన రాత్రి ఒకేసారి 60 కిలోలు వస్తే షెల్టర్‌ను అడిగి, వాళ్లు సరేనన్నంత వరకే పట్టుకెళ్లండి. మీ చెత్తను వాళ్ల గుమ్మంలోకి మార్చడం సేవ కాదు.

డబ్బు విషయం త్వరగా. కాటా, థర్మామీటర్, రెండు బాక్సులు, రెండు సెట్ల గిన్నెలు, లేబుళ్లు, నెల ప్రయాణం ఖర్చు. మొదటి సెమిస్టర్‌కు ఇంతే కావాలి. ఇంత చిన్న మొత్తాన్ని ఆన్‌లైన్‌లో చందాలు పోగేసి తెచ్చుకోవద్దు. పోగేస్తే అవసరానికి మించి వస్తుంది, మించిన డబ్బు దగ్గరే తగువులు మొదలవుతాయి. ఒకరి సొంత ఖాతాలో రూపాయి కూడా పడకూడదు. కాలేజీ క్లబ్ ఖాతానో, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే ఖాతానో ఉండాలి. సంస్థగా రిజిస్టర్ చేయించడం మొదటి ఏడాది అనవసరం అంటాం. రిజిస్టర్ చేశారంటే ఏటా లెక్కలు, దాఖలు చేయాల్సిన కాగితాలు ఉంటాయి. చదువైపోయి మూడో ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మనిషి పేరు కాగితాల మీద మిగిలిపోతుంది. రిజిస్టరైన సంస్థ గొడుగు కింద పని చేస్తే ఆ బరువు వాళ్లు మోస్తారు.

ఫొటోలు? గిన్నెలవీ, కాటావీ తీసుకోండి. తింటున్నవాళ్ల మొహాలు వద్దు.

[తెరపై: విద్యా సంవత్సరం క్యాలెండర్. పరీక్షలు, సెలవులు ఎర్ర రంగులో.]

కాలేజీ బృందాలను కూల్చేది క్యాలెండరే. పరీక్షల వారాలు, సెలవులు ఏడాది మొదట్లోనే తెలుస్తాయి. ఆ తేదీలు కాగితం మీద రాసి, నెల ముందే షెల్టర్‌కు ఇవ్వండి: ఫలానా తేదీ చివరి ట్రిప్పు, ఫలానా తేదీ మళ్లీ మొదలు. చెప్పకుండా ఒక రాత్రి రాకపోవడమే పెద్ద నష్టం, ఎందుకంటే మీరు వస్తారని వాళ్లు ఆ పూట వండుకోరు. ట్యూషన్లలాంటి పనికి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. సగంలో ఆపేస్తే పిల్లలు పాఠాన్నే కాదు, అక్కనో అన్ననో పోగొట్టుకుంటారు. అందుకని అక్కడ 10 వారాల బ్యాచ్ అని ముందే హద్దు పెట్టుకోవాలి, పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి.

ఫైనలియర్ వాళ్లు చివరి సెమిస్టర్‌కు ముందే పగ్గాలు వదలాలి, బృందంలో మాత్రం ఉండాలి. కొత్త లీడర్ తప్పులు చేస్తున్నప్పుడు పక్కనే ఉండి చెప్పడానికి ఆ ఒక్క సెమిస్టర్ పనికొస్తుంది. మెస్ మేనేజర్ దగ్గరకు, షెల్టర్ వార్డెన్ దగ్గరకు కొత్తవాళ్లను వెంటబెట్టుకెళ్లి పరిచయం చేయండి. "ఇకనుంచి ఈ అమ్మాయి వస్తుందండీ" అని మీ నోటితో చెప్పకపోతే, మేనేజర్ మీకే ఫోన్ చేస్తూ ఉంటారు.

[తెరపై: ఫోన్ స్క్రీన్. "మీ నంబర్‌కు ఓటీపీ పంపాం." నంబర్ చివర రెండు అంకెలు మాత్రమే కనిపిస్తాయి.]

ఇక అప్పగింతల్లో అందరూ మరిచిపోయేది ఒకటుంది. బృందం ఈమెయిల్, డ్రైవ్ ఖాతా, ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసుకునే రోస్టర్ షీట్ అన్నీ మొదటి రోజు ఎవరో ఒకరి ఫోన్ నంబర్‌తో తెరిచి ఉంటారు. ఆ మనిషి పాసయి వెళ్లిపోతారు, నంబర్ మారుస్తారు. ఓటీపీ ఎవరికీ చేరదు, రెండేళ్ల తూకం లెక్కలు లోపలే ఉండిపోతాయి. అందుకే వీడ్కోలు పార్టీకి ముందే ఖాతా తెరిచినవాళ్లు, కొత్త లీడర్, ఫ్యాకల్టీ ఇన్‌చార్జ్ ముగ్గురూ కూర్చుని రికవరీ నంబర్ కొత్త లీడర్‌ది, రికవరీ ఈమెయిల్ ఫ్యాకల్టీ ఇన్‌చార్జ్‌ది చేసి, ఒకసారి లాగౌట్ అయి, కొత్త ఫోన్‌లో మళ్లీ లాగిన్ అయి చూడండి.

[తెరపై: కొత్త ఫోన్‌లో రోస్టర్ షీట్ తెరుచుకుంటుంది. మంగళవారం, 8:20. "బాక్స్‌లో వేడినీళ్లు" ఎదురుగా ఫస్టియర్ పేరు.]