గోలెం గోడకంటిన నల్ల గుడ్లు

అక్కలకు, అన్నలకు, ముందల కూసున్న పెద్దమనుషులకు అందరికి నమస్కారం. సర్పంచ్ గారు దోమల జ్వరాల మీద నాలుగు ముక్కలు చెప్పమన్నరు, నేను ఎక్కువ గోలెం గురించే చెప్త, ఎందుకంటే హెల్త్ డ్యూటీల ఇన్నేండ్లు ఇల్లిల్లు తిరిగి నేను చూసింది అదే.

మనది నీళ్లకు తండ్లాడిన జాగ, నల్లగొండ అయినా పాలమూరు అయినా, మరి ఇసొంటి కాడ డెంగీ ఎట్ల వస్తది సారూ అని అడుగుతరు. నీళ్ల తిప్పలుంది కాబట్టే వస్తది అమ్మా. నల్లా ఎప్పుడొస్తదో తెల్వదని గోలెం నింపుతం, డ్రమ్ము నింపుతం, సగం అయ్యేసరికి మళ్ల పైకెళ్లి పోస్తం, దాని అడుగు ఎండిందే ఉండది. డెంగీ దోమ, కాళ్ల మీద తెల్ల చారలుంటయి చూడున్రి, అది మోరీల పుట్టది, ఈ తేట నీళ్లల్లనే పుడ్తది. ఎక్కువ దూరం గూడ ఎగరది, అంటే నిన్ను కుట్టింది నీ ఇంట్లదో పక్కింట్లదో.

దేవరకొండ దిక్కు ఒక ఇంట్ల ఆ తల్లి అన్నది, మాకు దోమల్లేవు సారూ, రాత్రి దోమతెర కట్టుకునే పంటమని. గోలెం మూత తీసి చెయ్యి అడ్డం పెట్టిన, ఆ నీడ పడంగనే పురుగులు మెలికలు తిరుక్కుంట అడుక్కు పోయినయి. ఆమె పిల్లగాడు పట్టపగలు అర్రల తెర లేకుంట పండుకోని ఉన్నడు, ఈ దోమ కుట్టేదేమో పగటి పూటనే.

నీళ్లు పారబోస్తే అయిపోతదనుకుంటరు, అయిపోదు. గుడ్లు నీళ్లకు జర పైన, తడి గోడకు అంటుకోని ఉంటయి, గసగసాల కన్న సన్నగ, నల్లగ. ఎండినా నెలల తరబడి సావయి, మళ్ల నీళ్లు తగిలినయంటే పగులుతయి. అందుకే పీచు పట్టి లోపల గోడంత రుద్దాలె, వారానికొకసారి, ఎందుకంటే గుడ్డు దోమ అయ్యేటందుకు వారం పది రోజులు పడ్తది.

ఇంకొకటి, ఇది మా ఇంట్లనే అయింది. మా అన్న కొడుక్కు నాలుగో రోజు జ్వరం దిగింది, తగ్గిందని అందరం సంబురపడ్డం, అదే రాత్రి కడుపుల నొప్పి, వాంతులు, చేతులు సల్లబడ్డయి. డెంగీల జ్వరం దిగినప్పుడే అసలు భయం, ఆ రెండు రోజులు కండ్లల్ల వత్తులేసుకోని చూడాలె. అంతకుముందు ఒళ్లు నొప్పులకని ఒకాయన నొప్పి సూది ఇచ్చిండు, ఇయ్యొద్దు, రక్తం కారే గండం పెరుగుతది, పారాసిటమాల్ చాలు. బొప్పాయాకు రసం నమ్ముకోని దవాఖానకు పోవుడు ఆపకున్రి. మా పిల్లగాడు బతికిండు, ఇంకొన్ని గంటలు ఆగితే ఏమయ్యేదో.

సాగర్ ఆయకట్టు వరి మళ్లు, పందులు, కొంగలు ఉన్నకాడ మెదడువాపు దోమ వేరే, దానికి టీకా ఉంది, పిల్లలకు తప్పకుంట ఏపియ్యున్రి. పిల్లలకు మెదడువాపు తెచ్చేది ఇంకోటుంది, చండీపురా వైరస్, దానికి టీకా లేదు. 2003ల మన ఉమ్మడి రాష్ట్రంల 329 మంది పిల్లలకు మెదడువాపొస్తే 183 మంది పోయిన్రు, దానికి ఈ వైరసే కారణమన్నరు, పొద్దున ఆడుకున్న పిల్ల ఒకటి రెండు రోజుల్ల లేదు. మట్టిగోడ పగుళ్లల్ల, పశువుల కొట్టాలల్ల ఉండే శాండ్‌ఫ్లై, దోమల పావు వంతు ఉంటది, అది మోస్తది దాన్ని. ఆ పగుళ్లు పూడ్సున్రి, పేడ కుప్ప ఇంటికి దూరం జరుపున్రి.

ఈ బడి ఎనుక సిమెంటు తొట్టికి మూత లేదు, ఇందాకనే చూసొచ్చిన. పీచులు నాలుగు తెచ్చిన, మీటింగ్ అయినంక ఎవరెవరొస్తరో రాండ్రి.